పాత పెట్టెకు పాత తాళపుచెవి
(సూరత్‌లో జరిగిన సమితి కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమితి సభలలో కవిత్వమును గూర్చియో, సంగీతమును గూర్చియో, పండుగల ఆచారములను గూర్చియో ప్రసంగములు జరుగుట వాడుక. నేడు నాకు ఒప్పగింపబడిన విషయము వేఱు. పాతికేండ్లు దాటిన లాప్‌టాపులో ఆ కాలపు ఆపరేటింగ్ సిస్టమును మరల నెలకొల్పుట యనునది నేటి విషయము. సాంస్కృతిక సభకును, ఈ యంత్రపు పనికిని సంబంధమేమి యని మీలో కొందఱకు సందేహము కలుగవచ్చును. నేను సాంకేతిక విద్య నభ్యసించినవాడను కాను. బి.ఏ. పట్టము పుచ్చుకొని దస్త్రముల నడుమ కాలము గడపుచున్న ఉద్యోగిని. అయినను ఈ పనికి పూనుకొనవలసిన అవసరము మన తెలుగు అక్షరము వలననే కలిగినది. అది యెట్లో మనవి చేసెదను.

1998 మొదలు 2004 వఱకు మన సమితి వెలువరించిన సంచికల మూలప్రతులు పదునొకండు ఫ్లాపీలలో భద్రపఱుపబడి యుండెను. అచ్చుప్రతులలో కొన్ని సభ్యుల ఇండ్లలో నున్నవి. పెక్కు ప్రతులు 2006 ఆగష్టు నాటి తాపీ వఱదలో నానిపోయినవి. ఉకాయి జలాశయమునుండి వదలిన నీటితో ఆనాడు సూరత్ నగరములో అధికభాగము జలమయమైన సంగతి ఇచ్చట నివసించినవారు మఱవజాలరు. సంచికలకంటెను విలువైనది, అచ్చుకు నోచుకొనని రచన యొకటి ఆ ఫ్లాపీలలో గలదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి మగ్గముల పని వెదకుకొనుచు ఈ నగరమునకు చేరిన పద్మశాలి కుటుంబముల పెద్దలు కొందఱు తమ జ్ఞాపకములను చెప్పగా, నాటి సమితి సభ్యులు వ్రాసికొన్న వృత్తాంతమది. పుటలు చాలకపోవుటచే అది సంచికలో చేరలేదు. ఆ మాటలు చెప్పిన పెద్దలలో నేడు ఒక్కరును జీవించి లేరు. వ్రాతప్రతియు దొరకలేదు. ఆ ఫ్లాపీలు తెఱచుకొన్ననే వారి మాట మనకు దక్కును. లేనిచో అది వారితోడనే పోయినట్లు.

నేటి కంప్యూటర్లలో ఫ్లాపీ పెట్టుటకు చోటే లేదు. విడిగా దొరకు ఫ్లాపీ డ్రైవును తగిలించి ఫైళ్లను ఎక్కించుకొన్నను చిక్కు తీరలేదు. తెరపై తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు వరుసగా కనబడినవి. ఫైలు చెడిపోయినదని చూచినవారనిరి. నిజమునకు ఫైలు చెడలేదు. దానిని చదువు విద్య మాత్రము క్రొత్త యంత్రమునకు తెలియదు. ఈ భేదమును గ్రహించుట ముఖ్యము.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమి? సూరత్ వాసులమగు మనకు మగ్గము నుపమానముగా గొని చెప్పికొనుట సులభము. మగ్గము తనంత తాను పూవులను, లతలను నేయదు. ఏ పడుగుపోగు ఎప్పుడు పైకి లేవవలెనో చెప్పు ఏర్పాటొకటి కావలెను. ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు 1804 ప్రాంతమున రంధ్రములు గల అట్టల వరుసచే దానిని సాధించెను. రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి ఈ అట్టల పద్ధతినే తాను తలపెట్టిన గణన యంత్రమునకు వాడదలచెను. అమెరికాలో హెర్మన్ హొలెరిత్ రూపొందించిన రంధ్రముల కార్డులతో 1890 నాటి జనాభా లెక్కలు కట్టిరి. కావున కంప్యూటరు వంశవృక్షమున నేతగాని మగ్గమునకు తాతగారి స్థానమున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇక మన విషయమునకు వత్తము. కంప్యూటరునందు తెర, మీటలు, డిస్కు, ముద్రణయంత్రము మున్నగు అంగములు వేర్వేఱుగా నున్నవి. వీనినన్నిటిని ఒక త్రాటిపై నడపి, మనము కోరిన ప్రోగ్రామునకు పనికి అప్పగించు మేస్త్రీయే ఆపరేటింగ్ సిస్టము. ఒక కొలత మగ్గమునకు కుట్టిన జకార్డు అట్టలు వేఱొక కొలత మగ్గముపై పనికిరానట్లే, ఒక మేస్త్రీ కాలమున వ్రాసిన ప్రోగ్రాము మఱియొక మేస్త్రీ చెంత నడవకపోవచ్చును. విండోస్ 98 నాటి ప్రోగ్రాములలో 16 బిట్ల పద్ధతివి పెక్కు గలవు. నేటి 64 బిట్ల విండోస్ వానిని నడపదు.

తెలుగు విషయమున మఱియొక చిక్కు గలదు. 1990వ దశకమున కంప్యూటరుపై తెలుగు అచ్చుపని ముమ్మరమైనది. అను, శ్రీలిపి మొదలగు ఫాంట్లు, పేజీమేకరు ప్రోగ్రాము అచ్చుకూటములలో వ్యాప్తి చెందినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరములకు ఏర్పడిన సంఖ్యలపైననే తెలుగు అక్షరపు ముక్కలను కూర్చిరి. ఒక సంఖ్యకు తలకట్టు, మఱియొకదానికి గుడి, వేఱొకదానికి వత్తు. ఈ ముక్కలను ప్రక్కప్రక్కన పేర్చి తెరపై తెలుగును సృష్టించిరి. ఫైలులో నిలిచియున్నవి ఇంగ్లీషు సంఖ్యలే. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు లేనిచో అది అర్థరహితమగు ఇంగ్లీషు. పైగా ఒక సంస్థ కూర్చిన క్రమము మఱియొక సంస్థ క్రమముతో కలియదు.

ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతట ఒకే సంఖ్య యుండవలెనన్న ఏర్పాటు యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతియందే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ యేటనే మన దేశమున భారతీయ లిపులకు ఇస్కీ యను ప్రమాణమును ప్రకటించిరి. కాని ప్రమాణము వెలువడినంత మాత్రమున అది ఇంటింటికి చేరదు. గౌతమి ఫాంటుతో యూనికోడు తెలుగు విండోస్‌లో ప్రవేశించినది 2001లో వచ్చిన ఎక్స్‌పీ తోడనే. మన సంచికలలో కొన్ని దానికి ముందువి. తరువాతి వానిని సైతము అలవాటుపడిన పాత ఫాంట్లతోనే కూర్చిరి. ఇట్లు దాదాపు పదునైదేండ్ల తెలుగు వ్రాత ఫాంట్ల చెఱలో చిక్కినది. పెండ్లిపత్రికలు, సంఘముల చరిత్రలు, చిన్న పత్రికలు, స్వయముగా అచ్చువేసికొన్న కవితాసంపుటములు ఈ కోవకు చెందినవే.

క్రొత్త కంప్యూటరులోనే పాత ఆపరేటింగ్ సిస్టమును బొమ్మకొలువు వలె పెట్టి నడపు ప్రోగ్రాములున్నవి కదా, పాత లాప్‌టాపు ఎందులకని మన యువకులు అడిగిరి. ప్రశ్న సమంజసమే. వర్చువల్‌బాక్సు మొదలగునవి అట్టి పని చేయును. పలుమార్లు అవి చాలును కూడ. కాని నాటి భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి కంప్యూటరు వెనుక, ముద్రణయంత్రమును తగిలించు రంధ్రమున చిన్న తాళపుబిళ్ల పెట్టవలసియుండెను. ఆ బిళ్ల లేనిచో ప్రోగ్రాము కదలదు. ఆ రంధ్రము నేటి లాప్‌టాపులలో లేదు. మన సంచికలను కూర్చిన ప్రోగ్రాము ఈ తాళము గలదే. బిళ్ల మన సమితి బీరువాలో పదిలముగా నుండెను. దానితోపాటు 1999 నాటి లాప్‌టాపును ఒక సభ్యుడు దయతో ఇచ్చెను. పెట్టె క్రింద విండోస్ 98 అనుమతిపత్రపు చీటి చెక్కుచెదరక యుండుటచే, ఒకరి హక్కునకు భంగము లేకుండ పని చేయుటకు వీలయ్యెను.

ఇట్టి పనికి పూనుకొనువారి కుపయోగించునని క్రమమును చెప్పెదను.

మొదటిది బ్యాటరీ. పాత లాప్‌టాపుల పెద్ద బ్యాటరీ చచ్చియుండును. ఉబ్బినదైనచో దానిని తీసి, గుచ్చక, నలుపక, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి ఒప్పగింపవలెను. విద్యుత్తు తీగెతోనే యంత్రము నడచును. లోపల గడియారమునకై యుండు చిన్న బిళ్ల బ్యాటరీ కూడ ప్రాణము కోల్పోవుటచే తేదీ చెదరిపోవును. తేదీని మొదట సరిచేయనిచో క్రొత్తగా చేసికొను ఫైళ్లన్నిటిపై తప్పు తేదీ పడును. దస్త్రముల పని తెలిసినవారికి తేదీ తప్పిన కాగితము ఎంత చిక్కు తెచ్చునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవది డిస్కు. ఆ యంత్రపు అసలు డిస్కు పాడైపోయెను. దాని స్థానమున, పూర్వము కెమెరాలలో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును ఒక చిన్న అడాప్టరుతో అమర్చితిమి. అది పాత డిస్కువలెనే యంత్రమునకు తోచును. ఆ కాలపు యంత్రములు పెక్కు 8.4 జి.బి.కి మించిన డిస్కును గుర్తింపవు. కావున 4 జి.బి. కార్డును ఎన్నుకొంటిమి. పెద్దది కొనుట ఇక్కడ లాభము గాదు.

మూడవది ప్రతిష్ఠాపన. ఆరంభ ఫ్లాపీతో యంత్రమును లేపి, ఎఫ్‌డిస్క్ అను ప్రోగ్రాముచే కార్డుపై భాగమును ఏర్పఱచి, దానిని క్రియాశీలముగ గుర్తించి, ఫార్మాటు చేసితిమి. అటుపిమ్మట సీడీలోని విండోస్ 98 ఫైళ్లనన్నిటిని కార్డుపైకి ఎక్కించి, అక్కడనుండియే సెటప్పును నడపితిమి. ఈ చిన్న జాగ్రత్త వలన తరువాత మాటిమాటికి సీడీ పెట్టుమని యంత్రము అడుగు బాధ తప్పినది. చీటిపైనున్న 25 అక్షరముల సంకేతమును తప్పు లేకుండ కొట్టవలెను. ప్రతిష్ఠాపన ముగిసిన పిదప తెర పదునాఱు రంగులతో, పెద్ద పెద్ద అక్షరములతో వికారముగ కనబడెను. దానికి భయపడనక్కఱలేదు. తెరను నడపు డ్రైవరును ఆ లాప్‌టాపుతో వచ్చిన పాత సీడీనుండి చేర్చగా అది చక్కబడెను.

నాలుగవది ఫ్లాపీల పఠనము. ప్రతి ఫ్లాపీకి మూలనున్న చిన్న మీటను జరిపి రంధ్రము తెఱచి యుంచవలెను. అప్పుడు యంత్రము దానిపై వ్రాయజాలదు. బూజు పట్టినదానిని శుభ్రపఱుపక డ్రైవులో పెట్టరాదు. ఆ బూజు డ్రైవు తలకు అంటి మిగిలిన ఫ్లాపీలను కూడ చెఱచును. ముందుగా ఫ్లాపీయంతటికి ప్రతిరూపమును తీసికొని, ఆ ప్రతిరూపముపైననే పని చేయవలెను. మా పదునొకండింటిలో తొమ్మిది పూర్తిగా చదువ వీలయ్యెను. ఒకటి సగము దక్కెను. మిగిలిన యొకటి వఱద నీరు సోకినది. పొర లేచిపోయి మా చేతులకు చిక్కలేదు. అందేమున్నదో చెప్పగలవారు లేరు.

అయిదవది, బయటికి తెచ్చుట. విండోస్ 98 సామాన్యముగా పెన్‌డ్రైవులను గుర్తింపదు. ప్రత్యేకముగ డ్రైవరు చేర్చవలెను. మాకు ఆ శ్రమ లేకపోయెను. యంత్రమును ఆపి, కార్డును ఊడదీసి, నేటి కంప్యూటరుకు కార్డు రీడరుతో తగిలించితిమి. ఒక్కటి మాత్రము అందఱును గుర్తుంచుకొనవలెను. ఇట్టి యంత్రమును ఇంటర్నెట్టుకు తగిలింపరాదు. విండోస్ 98కు రక్షణ సవరణలు 2006 జులైలో నిలిచిపోయినవి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిలులో నిలిచినవి. పాత పెట్టెను తెఱచు తాళపుచెవిగనే దానిని వాడవలెను గాని, నిత్యము నివసించు ఇల్లుగా వాడరాదు.

తాళపుబిళ్ల పెట్టి ఆ ప్రోగ్రామును తెఱువగా తెలుగు అక్షరములు తెరపై యథాతథముగ నిలిచినవి. పెద్దల జ్ఞాపకములు రెండు ఫ్లాపీలలో నుండెను, రెండును దక్కినవి. ఏ ఊరివారు ఏ వాడలో తొలుత దిగిరో, నాలుగు మగ్గముల నడుమ ఎందఱు నిద్రించిరో, చేతిమగ్గమునకు అలవాటుపడిన కాలు మరమగ్గపు మ్రోతకు ఎట్లు సర్దుకొన్నదో, మార్కండేయ జయంతికి మగ్గమునకింత యని చందా ఎట్లు వేసికొనిరో అందు గలదు. పిల్లలు తెలుగు మఱచిపోవుదురన్న దిగులుతో రాత్రిపూట ఒక గదిలో కూర్చుండబెట్టి పెద్దబాలశిక్ష చెప్పించిన సంగతి గలదు. నేడు సూరత్ నగరపాలక ప్రాథమిక విద్యా సమితి నడుపు పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమము కూడ గలదు. ఆ బడిమెట్లు ఎక్కు బాలబాలికలకు తమ తాతలు రాత్రి దీపము క్రింద పడిన శ్రమ తెలియుట ధర్మము.

తెఱచి చదివినంతమాత్రమున పని ముగియలేదు. పాత ఫాంటునుండి యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు గలవు గాని, వత్తులు స్థానము తప్పుట, సున్న వేఱొక గుర్తుగా మారుట మొదలగు దోషములు దొర్లుచుండును. తెర మీద అసలు ప్రతిని ఒకరు బిగ్గఱగ చదువగా, మఱియొకరు క్రొత్త ప్రతిని దిద్దిరి. ఈ పనిలో మన సమితి గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు చేసిన సాయము మఱవరానిది. యంత్రము చేసినది ఒక వంతు. మనుష్యులు చేసినది మూడు వంతులు.

ఇది మన సమితికి మాత్రమే వచ్చిన చిక్కు గాదు. అణ్వాయుధ దళముల ఆజ్ఞలను అందజేయు వ్యవస్థలో అమెరికా సైన్యము 8 అంగుళముల ఫ్లాపీలను 2019లో గాని తొలగింపలేదు. ప్రజలు కార్యాలయములకు ఫ్లాపీలు సమర్పింపవలెనను నిబంధనలను జపాను ప్రభుత్వము 2024లో గాని తుదముట్టింపలేదు. సోనీ సంస్థ 2011లోనే ఫ్లాపీల విక్రయమును నిలిపివేసెను. వస్తువు తయారగుట ఆగిపోయిన పిదప కూడ దానిపై ఆధారపడిన పని మిగిలియుండును. ఆ వ్యవధిలోనే నష్టము జరుగును.

తెలుగువారికి ఈ పాఠము క్రొత్తది గాదు. తాటాకు పురుగు పాలగును. అందువలన తరతరమున క్రొత్త ఆకుపై తిరుగ వ్రాయుటయే మన పూర్వులెఱిగిన రక్షణోపాయము. మనవలెనే సర్కారు కొలువు చేసిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులకు జీతములిచ్చి తాళపత్రములకు శుద్ధప్రతులు వ్రాయించెను. నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దములపాటు లోకమునకు తెలియకయుండి, తంజావూరు సరస్వతీమహలున దొరకిన ప్రతి యాధారముగా మానవల్లి రామకృష్ణకవిగారిచే 1909లో ప్రకటితమయ్యెను. ఎవరో పేరు తెలియని లేఖకుడు తిరుగ వ్రాయుటచేతనే ఆ కావ్యము నేడు మనకు గలదు. మన ఫ్లాపీలకు ఆ లేఖకుని పని మనమే చేయవలెను. తాటాకు రెండు మూడు వందల యేండ్లు నిలుచును. ఫ్లాపీ ముప్పదియేండ్లు నిలుచుటయే గగనము. ఒక ఫ్లాపీ పరిమాణము 14,74,560 బైట్లు. యూనికోడు తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున దాదాపు నాలుగు లక్షల తొంబదివేల గుర్తులు అందు పట్టును. అరచేతిలో ఇమిడిన ఆ పలుచని బిళ్లతో ఒక గ్రంథమే పోవును.

మన కార్యాలయములలో దస్త్రములను ఏ, బీ, సీ యని మూడు తరగతులుగా విభజింతుము. శాశ్వతముగ ఉంచి ప్రతిరూపము తీయవలసినవి, ఉంచవలసినవే గాని ప్రతిరూపము అక్కఱలేనివి, నిర్ణీతకాలము మాత్రమే ఉంచదగినవి యని ఆ విభజన. ప్రభుత్వ దస్త్రముల రక్షణకై 1993లో పార్లమెంటు శాసనమే చేసినది. ఉదయము పదిగంటలనుండి సాయంకాలము వఱకు పరుల కాగితములను ఇంత నియమముతో కాపాడు మనము, మన భాషలో మనము వ్రాసికొన్నదానిని అట్టపెట్టెలో పడవైచుట న్యాయమా?

కావున సమితి ముందు నాలుగు సూచనలు ఉంచుచున్నాను. ఒకటి: సంచికలు, సభల నివేదికలు, పెద్దల జ్ఞాపకములు ఏ తరగతిగా నెన్నబడవలెను. రెండు: వీనిని యూనికోడు పాఠముగను, దీర్ఘకాల రక్షణకై ఏర్పడిన పీడీఎఫ్-ఏ రూపమునను భద్రపఱచి, పాత ఫ్లాపీ ప్రతిరూపములను కూడ వానితో నుంచవలెను. మూడు: ప్రతులు ఒక్కచోట ఉండరాదు. తాపీ వఱద మనకు నేర్పిన పాఠమిది. ఒకటి సూరత్‌లో, ఒకటి హైదరాబాదులో, ఒకటి విజయవాడలో ఉండవలెను. నాలుగవది మంచి కాగితముపై అచ్చుప్రతి కావలెను. నాలుగు: ప్రతి సంవత్సరము ఉగాదికి ఆ ఫైళ్లను ఒకమాఱు తెఱచి చూడవలెను. తెఱువని ఫైలు ఉన్నదో లేదో చెప్పుట కష్టము.

ఆ లాప్‌టాపు సమితి గదిలో నున్నది. మీ ఇండ్లలో అటకలపై, పాత పెట్టెలలో తెలుగు వ్రాత గల ఫ్లాపీలు, సీడీలు ఉన్నచో దయచేసి ఆదివారములందు తీసికొని రండు. తండ్రిగారి పద్యములైనను సరే, అక్కగారి పెండ్లిపత్రికయైనను సరే, తెఱచి యూనికోడులో మీ చేతికిత్తుము. మన యువకులిద్దఱు ఈ పని నేర్చుకొనిరి; మఱి నలుగురు ముందునకు రావలెను. ఆ యంత్రము ఇంకెన్నేండ్లు నడచునో చెప్పజాలము. అది నడచుచున్నపుడే పని ముగించుకొందము.